ఎనిమిది జీబీ ఉన్నా పదిహేను ఎంబీ లేదట!

"సార్, నా సిస్టంల ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్నది. ఈ గేమేమో పదిహేను ఎంబీ సుత లేదంటున్నది. గిదెట్ల సార్?"

జనగామలో డిగ్రీ చదివే కుర్రవాడు అడిగిన ప్రశ్న ఇది. అతను ఆడబోయిన ఆట పేరు 'వాంపైర్: ద మాస్కరేడ్ – బ్లడ్‌లైన్స్'. 2004లో వచ్చింది. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోనే ఉన్నాయి. ఆట ఐకాన్ మీద నొక్కగానే తెర మీద చిన్న పెట్టె ఒకటి వచ్చింది. అందుబాటులో ఉన్న మెమరీ 15 ఎంబీ కంటే తక్కువ అని చెప్పింది. అంతే, ఆట మూసుకుపోయింది. ఎనిమిది జీబీ అంటే పదిహేను ఎంబీకి ఐదు వందల రెట్లకు పైమాట.

సెకండ్‌హ్యాండ్ సిస్టం కొనుక్కుని పాత ఆటలు ఎక్కించుకునే పిల్లలు మహబూబాబాద్‌లోనూ భూపాలపల్లిలోనూ ఇదే మాట ఇంకో రకంగా అడుగుతారు. పాత గేమ్ కొత్త సిస్టంలో ఇంకా జోరుగా ఆడాలి కదా, ఆగిపోవడమేమిటి? చాలా సబబైన ప్రశ్న. దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే కంప్యూటర్ అంకెలను ఎలా దాచుకుంటుందో తెలుస్తుంది. తప్పులున్నాయని తెలిసీ ఒక ఆటను ఇరవై ఏళ్లుగా జనం ఎందుకు వదలడం లేదో కూడా తెలుస్తుంది.

రక్తపిశాచి పాత్రలో

తుపాకీ పేల్చి, పరుగెత్తి గెలిచే ఆటలు వేరు. ఇది పాత్రధారణ ఆట, అంటే రోల్ ప్లేయింగ్ గేమ్. మనం ఒక పాత్రను ఎంచుకుంటాం, ఆ పాత్రలాగే మాట్లాడతాం, మన మాటను బట్టి కథ మలుపు తిరుగుతుంది. దీని మూలం మార్క్ రైన్ హేగెన్ 1991లో తయారుచేసిన కాగితం, పెన్సిలు, పాచికల ఆట. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని కథ చెప్పుకుంటూ ఆడేది.

కంప్యూటర్ ఆటలో కథ లాస్ ఏంజెలిస్‌లో నడుస్తుంది. మామూలు మనిషిగా ఉన్న మనం మొదటి రాత్రే రక్తపిశాచిగా మారిపోతాం. అనుమతి లేకుండా మనల్ని మార్చిన పిశాచికి మరణశిక్ష పడుతుంది, మనల్ని మాత్రం బతకనిస్తారు. ఏడు వంశాలున్నాయి, వాటిలో ఒకటి మనది. నోస్‌ఫెరాటు వంశంవాళ్ల ముఖం చూస్తే మనుషులు హడలిపోతారు. కాబట్టి ఆ పాత్ర తీసుకుంటే నడివీధిలో తిరగకూడదు, మురుగు కాలువల గుండా పోవాలి. మాల్కేవియన్ వంశం తీసుకుంటే మతి చలించిన మనిషి మాటలే మన నోట వస్తాయి. ఆట మొత్తానికీ ఒకటే కట్టుబాటు: మనం పిశాచులమని జనానికి తెలియకూడదు. ఐదుసార్లు బయటపడ్డామా, ఆట ముగిసినట్టే.

తెలుగువాళ్లకు ఈ సరుకు కొత్తదేమీ కాదు. చందమామలో బేతాళ కథలు చదివి పెరిగిన తరం ఉంది, యండమూరి 'తులసిదళం' చదివి రాత్రిళ్లు దీపం ఆర్పని తరం ఉంది. బేతాళ కథల్లో శవం కంటే ప్రశ్నే మనల్ని పట్టి కూర్చోబెట్టేది. ఈ ఆటలోనూ నెత్తురు కంటే మాట బలమైనది. సాంటా మోనికాలో థెరీస్, జానెట్ అనే అక్కాచెల్లెళ్లు ఎదురవుతారు. వాళ్ల తగవులో మనం ఏ మాట అన్నామన్న దాన్ని బట్టి ఒకరే మిగలొచ్చు, ఇద్దరూ రాజీ పడొచ్చు. ఆ సంభాషణ రాసిన తీరు, ఆ గొంతులు, మాట్లాడుతున్నప్పుడు ముఖంలో కదిలే కండరాలు చూస్తే 2004లో ఇది ఎంత పెద్ద పనో అర్థమవుతుంది.

దీన్ని తయారుచేసింది ట్రోయికా గేమ్స్. 'ఫాలౌట్' అనే పేరున్న ఆట చేసిన టిమ్ కేన్, లియొనార్డ్ బొయార్స్కీ, జేసన్ ఆండర్సన్ 1998లో పెట్టుకున్న చిన్న సంస్థ. బొమ్మ గీయడం, శబ్దం వినిపించడం, జారవిడిచిన వస్తువు నేల మీద పడటం వంటి పనులన్నీ చూసుకునే భాగాన్ని ఇంజిన్ అంటారు. ట్రోయికా వాళ్లు దాన్ని సొంతంగా చేసుకోలేదు, వాల్వ్ సంస్థ దగ్గర 'సోర్స్' ఇంజిన్ తీసుకున్నారు. అప్పటికి అది పూర్తి కాలేదు. పైగా వాల్వ్ సొంత ఆట 'హాఫ్ లైఫ్ 2' వచ్చేదాకా వీళ్లది విడుదల చేయకూడదని ఒప్పందం. చివరికి రెండూ ఒకే రోజు, 2004 నవంబర్ 16న అంగళ్లలోకి వచ్చాయి. ఆ ఏడాదంతా ప్రపంచం ఎదురుచూసిన ఆట పక్కన దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. పట్టించుకున్నవాళ్లకు తప్పులు ఎదురయ్యాయి. డిసెంబర్‌లో ఒక సవరణ వచ్చింది. 2005 ఫిబ్రవరికల్లా ట్రోయికా మూతపడింది. మంచి పనివాళ్లకు ఇంకో ఆరు నెలల గడువు దొరికి ఉంటే ఎంత బాగుండేదో అని దీన్ని ఆడిన ప్రతివాళ్లకూ అనిపిస్తుంది.

మీటరు తిరిగి సున్నాకొస్తే

ఇప్పుడు పదిహేను ఎంబీ సంగతి. పాత స్కూటరు మీటరును గుర్తు తెచ్చుకోండి. ఐదు చిన్న చక్రాలు, ఒక్కోదాని మీద 0 నుంచి 9 వరకు అంకెలు. బండి 99,999 కిలోమీటర్లు తిరిగాక ఇంకో కిలోమీటరు నడిస్తే అన్ని చక్రాలూ ఒక్కసారిగా తిరిగి 00000 చూపిస్తాయి. లక్ష అన్న సంఖ్య రాయడానికి ఆరో చక్రం కావాలి, అది మీటరులో లేదు. బండిలో దోషం లేదు, తిరిగిన దూరమూ అబద్ధం కాదు. అయినా మీటరును మాత్రమే చూసేవాడికి అది నిన్న షోరూంలో కొన్న బండి.

కంప్యూటర్‌లోనూ చక్రాలే, కాకపోతే ఒక్కో చక్రం మీద 0, 1 అనే రెండే అంకెలు. అలాంటి ఒక చక్రాన్ని బిట్ అంటాం. 2004లో ఇళ్లలో వాడే కంప్యూటర్లు ఎక్కువగా 32 చక్రాల మీటరుతో లెక్క పెట్టేవి. ఒక్కో చక్రం చేరేకొద్దీ లెక్క రెట్టింపవుతుంది కాబట్టి ముప్పై రెండు చక్రాలతో 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 సంఖ్యలు రాయొచ్చు. మెమరీలో ఒక్కో బైటుకు ఒక్కో సంఖ్య ఇస్తూ పోతే ఇది సరిగ్గా 4 జీబీ. ఆ రోజుల్లో ఇంట్లోని సిస్టంకు 512 ఎంబీ ఉంటే ఘనం. నాలుగు జీబీ దాటుతుందన్న ఆలోచన ఆట రాసేవాళ్లకు రాకపోవడంలో వింతేమీ లేదు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, అసలు అందం అందులోనే ఉంది. మన స్కూటరు మీటరు 00000 దగ్గర ఉంది. చక్రాన్ని వేలితో ఒక్క అంకె వెనక్కి తిప్పండి. 99999 కనిపిస్తుంది. అంటే సున్నాకు ఒకటి తక్కువ, మైనస్ ఒకటి అన్నమాట. అదే 99999ని దాదాపు లక్ష అని కూడా చదవొచ్చు. మీటరు మీద రాత ఒకటే, చదివేవాడు పెట్టుకున్న ఒప్పందాన్ని బట్టి అర్థం మారిపోతుంది. కంప్యూటర్‌లో ముప్పై రెండు చక్రాలూ 1 దగ్గర నిలబడితే ఒక లెక్కలో అది 429 కోట్ల పైచిలుకు, ఇంకో లెక్కలో మైనస్ ఒకటి.

విండోస్‌ను "మెమరీ ఎంత ఉంది?" అని అడగడానికి ఒక పాత పద్ధతి ఉండేది. దాని జవాబు ముప్పై రెండు చక్రాల మీటరులో ఇమడాలి. కంప్యూటర్‌లో 4 జీబీ కంటే ఎక్కువుంటే ఆ పద్ధతి తప్పు జవాబు ఇవ్వొచ్చనీ, సంఖ్య పొర్లిపోయిందనడానికి గుర్తుగా మైనస్ ఒకటి చెప్పొచ్చనీ మైక్రోసాఫ్ట్ తన పత్రాల్లోనే రాసిపెట్టింది. ఆ పద్ధతినే నమ్ముకున్న పాత ప్రోగ్రాముకు ఆ గుర్తు తెలియకపోతే దాన్ని ఉన్నదున్నట్టు ఒక మామూలు సంఖ్యగా చదువుకుంటుంది. మైనస్ ఒకటి పదిహేను కంటే తక్కువే కదా! పాత ఆటలు చాలినంత మెమరీ లేదని గోల పెట్టడం వెనక ఉన్న లెక్క ఈ తరహాదే. ఉన్నది ఎక్కువైనందువల్లే లేదనిపించింది.

ఇంజినీర్లు దీన్ని ఓవర్‌ఫ్లో అంటారు. పొర్లిపోవడం అంటే సరిపోతుంది. ఇది ఆటలతో ఆగే జబ్బు కాదు. 2014 డిసెంబర్‌లో 'గంగ్నమ్ స్టైల్' పాటను చూసినవాళ్ల లెక్క 214 కోట్ల 74 లక్షలు దాటేసరికి యూట్యూబ్ తన మీటరుకు చక్రాలు పెంచుకోవాల్సి వచ్చింది. ఒక చక్రాన్ని ప్లస్సా మైనస్సా చెప్పడానికి కేటాయిస్తే ముప్పై రెంటిలో మిగిలేవి ముప్పై ఒకటే, అందుకే ఆ సగం సంఖ్య. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియన్ 5 రాకెట్ బయల్దేరిన నిమిషంలోపే ముక్కలైంది. పెద్ద సంఖ్యను పదహారు చక్రాల గదిలోకి తోయడమే కారణం. ఇంకొకటి ముందుంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతూ వస్తున్న పాత వ్యవస్థల్లో 31 చక్రాలు నిండేది 2038 జనవరి 19న, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు. మీ ఊళ్లో ఆ రోజుకీ వాడుకలో ఉండబోయే పాత యంత్రాలేమిటో ఇప్పుడే వెతకడం మంచిది.

ఒక్కో జవాబుకు ఒక్కో దారి

మెమరీ గొడవ తీరి ఆట మొదలైనా తప్పులు తగులుతూనే ఉంటాయి. పిలిస్తే పలకని మనుషులు, తెరుచుకోని తలుపులు, ముగిసినా ముగిసినట్టు గుర్తించని పనులు. అమ్మకానికి పెట్టే ముందు పరీక్షించలేదా అని కోపం వస్తుంది. ఆ కోపం తీరాలంటే ఒకసారి దారులు లెక్కపెట్టాలి.

వంశాలు ఏడు. ఒక్కోదానిలో ఆడ, మగ. అంటే పద్నాలుగు రకాల ఆటగాళ్లు. అక్కాచెల్లెళ్ల తగవు మూడు రకాలుగా ముగియొచ్చు. పద్నాలుగు మూళ్లు నలభై రెండు. ఇక మామూలుగా అవునా కాదా అని తేలే సంగతులు కథలో ఎన్నో. ఫలానావాణ్ని చంపామా వదిలామా? డబ్బు తీసుకున్నామా? మాట ఇచ్చి తప్పామా? ఇలాంటివి పది ఉన్నాయనుకుందాం. ఒక్కోటీ దారులను రెట్టింపు చేస్తుంది. నలభై రెండు కాస్తా 43,008 అవుతుంది. ఇరవై ఉంటే 4 కోట్ల 40 లక్షల 40 వేల 192. ఒక మనిషి తిండీ నిద్రా మానేసి నిమిషానికో దారి చూసినా దాదాపు 84 ఏళ్లు పడుతుంది. సిసలైన ఆటలో అలాంటి సంగతులు ఇరవైతో ఆగవు.

అందుకే పరీక్షించేవాళ్లు జనం ఎక్కువగా నడిచే బాటలు చూసి, మిగతావాటిని ఊహ మీద వదిలేస్తారు. కారు నడిపే ఆటలో దారి ఒకటే కాబట్టి తప్పులు త్వరగా దొరికిపోతాయి. మన ఇష్టానికి విలువిచ్చే ఆటలో తప్పులు దాక్కోవడానికి చోట్లు ఎక్కువ. బ్లడ్‌లైన్స్‌లో నాకు నచ్చిన గుణమూ, దాని జబ్బూ ఒకే వేరు నుంచి మొలిచాయని ఈ లెక్క చూశాకే నమ్మకం కుదిరింది. మాల్కేవియన్ పాత్రకు ఆట పొడుగునా వేరే మాటలు రాయడానికి పూనుకున్నవాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

ఆ దారులు కంప్యూటర్‌లో ఎలా ఉంటాయో దగ్గరగా చూడండి. ఆటలోని ప్రతి సంభాషణా ఒక పట్టిక. ఒక్కో వరుసలో ముందు ఆ వరుస సంఖ్య, తర్వాత మగ పాత్రకు చెప్పే మాట, ఆడ పాత్రకు చెప్పే మాట, తర్వాత ఏ వరుసకు పోవాలన్న సంఖ్య, ఆ వరుస కనిపించాలంటే ఉండాల్సిన షరతు, చెప్పాక జరగాల్సిన పని. మాల్కేవియన్ మాటకు వేరే గడి. షరతులు, పనులు రాసింది పైథాన్ భాషలో. మన కాలేజీల్లో ఇప్పుడు మొదటి సంవత్సరంలోనే నేర్పుతున్న పైథానే, కాకపోతే పాతది. "తర్వాత 86వ వరుసకు పో" అని రాయాల్సిన చోట 68 అని పడిందనుకోండి. ఎదుటి మనిషి అడిగిందే మళ్లీ అడుగుతుంటాడు, మనం అక్కడే తిరుగుతుంటాం. అంకెలు తారుమారైన ఆ ఒక్క గడి వెతకడానికి వారం పట్టొచ్చు.

కరెంటు పోయిన క్షణం

మన దగ్గర పాత ఆట ఆడేవాళ్లకు ఇంకో కష్టం ఉంది. దాని నింద ఆట మీద వేయకూడదు. భూపాలపల్లి పక్కనే చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. సింగరేణి బొగ్గు అక్కడ కరెంటవుతుంది. అయినా ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచి తీగ మీద కొమ్మ పడితే ఆ ఊళ్లోనూ కరెంటు పోతుంది. సరిగ్గా అప్పుడే ఆటను సేవ్ చేస్తుంటే?

ర్యామ్‌లో ఒక్కో బిట్టూ అతి సూక్ష్మమైన చోట నిలిపిన కాస్త విద్యుదావేశం. అది నిలవదు, కారిపోతూ ఉంటుంది. అందుకని మామూలు ర్యామ్‌లో ప్రతి గడినీ 64 మిల్లీసెకన్లలోపు, అంటే సెకనులో దాదాపు పదహారో వంతులో, ఒకసారి చదివి మళ్లీ నింపుతుంటారు. కరెంటు పోతే ఆ నింపడం ఆగిపోతుంది. మన పాత్ర, దాని వంశం, ఇచ్చిన మాటలు, దాచిన నిజాలు అన్నీ పోతాయి. డిస్క్ మీద రాసింది మాత్రం నిలుస్తుంది. సేవ్ చేయడమంటే కారిపోయే చోట ఉన్నదాన్ని నిలిచే చోటికి ఎక్కించడం.

చిక్కంతా ఎక్కిస్తుండగా మధ్యలో తెగిపోతేనే. పాత సేవ్ మీదే కొత్తది రాస్తున్న ప్రోగ్రామైతే పాతది సగం చెరిగి, కొత్తది సగమే పడుతుంది. రెండూ పనికిరావు. జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాములు కొత్తదాన్ని వేరే పేరుతో పూర్తిగా రాసి, సరిగా పడిందని తేలాకే పాతదాని పేరు దానికి పెడతాయి. మధ్యలో కరెంటు పోయినా పాతదైనా మిగులుతుంది. పాత ఆటల్లో ఆ జాగ్రత్త ఉందని నమ్మకం పెట్టుకోకుండా నాలుగైదు సేవ్‌లు వేరు వేరు పేర్లతో ఉంచుకోవాలి. యూపీఎస్ బ్యాటరీ కూత పెడుతున్నప్పుడు సేవ్ నొక్కడం కంటే ముందే నొక్కి ఉండటం మేలు.

అతుకు వేసినవాళ్లు

తయారుచేసిన సంస్థ మూతపడ్డాక ఆట ఎలా బతికింది? ఆడేవాళ్లే బతికించారు. డాన్ అప్‌రైట్ అనే ఆయన మొదలుపెట్టిన సవరణల పనిని జర్మనీకి చెందిన వెర్నర్ స్పాల్ అందుకున్నారు. ఆయన వృత్తిరీత్యా రసాయన శాస్త్రజ్ఞుడు. ఏళ్ల తరబడి ఆయన, ఆయనకు తోడైన ఆటగాళ్లు వందల తప్పులు సరిచేసి, ఆ అతుకును, అంటే ప్యాచ్‌ను, ఊరికే పంచుతూ వచ్చారు. పదిహేను ఎంబీ పేచీని తీర్చేది కూడా ఆ అతుకే. ఇప్పుడు ఆటను అమ్మే దుకాణాల్లో ఒకటైన జీఓజీ ఆ అతుకును ముందే కలిపి ఇస్తోంది.

సంభాషణల పట్టికలు, పైథాన్ రాతలు మనిషి చదవగలిగేవే కాబట్టి వాటిని సరిచేయడానికి ఓపిక ఉంటే చాలు. లోపలి యంత్రభాష అలా కాదు, అంతా అంకెలే. అందులోనూ దారి ఉంది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో 116 అన్న అంకె కనబడితే "పోల్చిన రెండూ సమానమైతే పక్కకు దూకు" అని అర్థం. 235 కనబడితే "ఏమీ అడక్కుండా దూకు". ఆటను ఆపేస్తున్న తనిఖీ ఎక్కడుందో పట్టుకుని, అక్కడి 116ను 235గా మారిస్తే ఆ తనిఖీ ఇక అడ్డురాదు. మార్చింది ఒక్క బైటు. అది ఎక్కడుందో వెతకడమే అసలు పని. కోట్ల అంకెల్లో ఆ ఒక్కదాన్ని పట్టుకోవడం నాకు పెద్ద విద్యగానే తోస్తుంది.

ఈ సంగతి విన్న పిల్లలు తరచూ అడిగేది ఒకటుంది: పట్టికలు తెరిచి మాటలు మార్చగలిగితే, తెలుగులో రాయొచ్చా? ఇంగ్లీషు లిపిలో తెలుగు మాటలు రాసుకోవచ్చు. తెలుగు లిపి దగ్గర మళ్లీ చక్రాల కథే అడ్డం వస్తుంది. ఆ కాలపు చాలా ఆటలు ఒక్కో అక్షరానికి ఎనిమిది చక్రాలే ఇచ్చాయి, అంటే 256 సంఖ్యలు. ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో మన 'అ' సంఖ్య 3077. ఎనిమిది చక్రాల్లో అది ఇమడదు. రష్యన్‌లో ఉన్నవి 33 అక్షరాలే. పెద్దవీ చిన్నవీ కలిపినా 256 లోపే సర్దుకుంటాయి. మనకు గుణింతాలు, వత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కొత్త ఆకారాలు పుడతాయి. వాటిని చూపాలంటే అక్షరాలు గీసే భాగాన్నే తిరగరాయాలి. దానికి మూలపాఠం, అంటే సోర్స్ కోడ్ కావాలి. బ్లడ్‌లైన్స్ మూలపాఠాన్ని హక్కుదారులు బయటపెట్టలేదు.

పెట్టి ఉండాల్సిందని నేను గట్టిగా అనుకుంటున్నాను. 2025 అక్టోబర్‌లో ఈ కథకు రెండో భాగం వేరే సంస్థ చేతిలో తయారై వచ్చింది. మొదటిదాని మూలపాఠం దాచుకుని ఇక మిగిలే లాభం తక్కువ. 1993లో వచ్చిన 'డూమ్' ఆట విషయంలో ఐడీ సాఫ్ట్‌వేర్ ఆ పని చేసింది. 1997 డిసెంబర్‌లో మూలపాఠాన్ని అందరికీ ఇచ్చేసింది. తెలిసినవాళ్లు దాన్ని కొత్త యంత్రాలకు తగ్గట్టు ఎప్పటికప్పుడు తిరగరాసుకుంటూ వచ్చారు. బ్లడ్‌లైన్స్ కంటే పదకొండేళ్లు పాతదైన ఆ ఆటను ఎనిమిది జీబీ సిస్టంలో ఎక్కించి చూడండి, నొక్కిన వెంటనే తెరుచుకుంటుంది.